కిటికీ లేని గదిలో ఫోన్ బ్యాటరీ: ఏ కాలింగ్ సెట్టింగ్ ఉంచాలి, ఏది తీసేయాలి?

ప్రశ్న: నా ఉద్యోగమంతా ఫోన్ మీదే. రోజుకు మూడు నాలుగు గంటలు కాల్స్ మాట్లాడాలి. ఆఫీసులో నా సీటు లోపలి గదిలో, కిటికీ లేని చోట ఉంది. పొద్దున 100 శాతం చార్జింగ్‌తో బయల్దేరితే మధ్యాహ్నం రెండింటికల్లా 20కి దిగిపోతోంది. రాత్రి మంచం పక్కన పెట్టిన ఫోన్, ఎవరూ ముట్టుకోకుండానే తెల్లారేసరికి 15 శాతం తగ్గుతోంది. ఫోన్ కొని రెండేళ్లు దాటింది, రెండు సిమ్‌లు వాడుతున్నాను. వోల్టీ ఆపేయమని మా మేనల్లుడు, 5జీ తీసేయమని ఆఫీసులో ఒకరు, వైఫై కాలింగే బ్యాటరీని తినేస్తుందని ఇంకొకరు చెబుతున్నారు. వాట్సాప్ కాల్స్‌కైతే తక్కువ ఖర్చవుతుందని కూడా విన్నాను. వీటిలో దేన్ని నమ్మాలి? వైబ్రేషన్, కాలర్ ట్యూన్ కూడా ఆపేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీకు సలహా ఇచ్చిన వాళ్లంతా సెట్టింగ్ పేరు చూసి చెప్పారు. నేను మీరు కూర్చునే చోటు చూసి చెబుతాను. కిటికీ లేని లోపలి గది అన్నారు చూడండి, మీ బ్యాటరీ చాలావరకు పోయేది అక్కడే. అదే ఫోన్, అవే సెట్టింగ్స్, అరగంట కాల్. డాబా మీద నిలబడి మాట్లాడితే ఒక ఖర్చు, ఆ గదిలో కూర్చుని మాట్లాడితే దానికంటే బాగా ఎక్కువ ఖర్చు. ఇది తెలిస్తే మీ మేనల్లుడి మాట ఎందుకు తప్పో, ఆఫీసు వాళ్ల మాటలో ఎంతవరకు నిజముందో వాటంతట అవే తేలిపోతాయి.

కాల్‌లో ఉన్నప్పుడు ఎంత గట్టిగా పంపాలన్నది ఫోన్ ఒక్కటే నిర్ణయించుకోదు. టవర్ దానికి ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంటుంది: బాగానే అందుతోంది, కాస్త తగ్గించు, సరిగ్గా అందట్లేదు, పెంచు. మామూలు 4జీ ఫోన్ పంపగలిగే గరిష్ఠ శక్తి 23 డీబీఎం (సిగ్నల్ శక్తిని కొలిచే ప్రమాణం), అంటే సుమారు 0.2 వాట్. కనిష్ఠం మైనస్ 40 డీబీఎం. ఈ రెండు కొసల మధ్య తేడా దాదాపు 20 లక్షల రెట్లు! బ్యాటరీ ఖర్చు కూడా ఇదే లెక్కన పెరుగుతుందని కంగారు పడకండి. రేడియో ఆన్‌లో ఉన్నందుకే కొంత ఖర్చు ఎలాగూ ఉంటుంది, టవర్ పక్కనే ఉన్నా అది తప్పదు. కానీ గరిష్ఠానికి దగ్గరయ్యేకొద్దీ ఫోన్‌లో సిగ్నల్‌ను పెంచి పంపే పవర్ యాంప్లిఫయర్ బయటికి పంపే దానికంటే చాలా ఎక్కువ శక్తిని బ్యాటరీ నుంచి లాగుతుంది, మిగిలిందంతా వేడిగా పోతుంది. కాల్ అయ్యాక ఫోన్ వెనకవైపు వెచ్చగా తగులుతుంటే కారణం చాలాసార్లు ఇదే. వీధి చివరనున్న మనిషితో అరిచి మాట్లాడటానికీ పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడటానికీ మన గొంతుకు ఎంత తేడా ఉంటుందో, ఫోన్‌కూ అంతే తేడా.

అందుకని ముందు మీ సీటు దగ్గర సిగ్నల్ నిజంగా ఎంత ఉందో చూడండి. పైన కనిపించే గీతలను నమ్మొద్దు. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలన్నది ఫోన్‌ను బట్టి, నెట్‌వర్క్‌ను బట్టి మారుతుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ స్ట్రెంత్ అని డీబీఎంలో ఒక అంకె కనిపిస్తుంది. ఐఫోన్‌లో డయలర్‌లో *3001#12345#* కొట్టి కాల్ బటన్ నొక్కితే ఫీల్డ్ టెస్ట్ పేజీ వస్తుంది, అందులో 4జీ సిగ్నల్‌కు ఆర్ఎస్ఆర్‌పీ అన్న అంకె చూడాలి. అన్నీ మైనస్ అంకెలే కాబట్టి సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. 4జీలో మైనస్ 90కి ఇవతల ఉంటే నిశ్చింతగా మాట్లాడుకోవచ్చు. మైనస్ 110 దాటిందంటే ఫోన్ ఆపసోపాలు పడుతోందని అర్థం. మైనస్ 120 దగ్గర కాల్ నిలవడమే కష్టం.

ఈ అంకెల్లో తిరకాసు ఏమిటంటే 10 తేడా వస్తే సిగ్నల్ 10 రెట్లు మారినట్టు, 20 తేడా వస్తే 100 రెట్లు. మీ సీట్లో మైనస్ 114, వరండా కిటికీ పక్కన మైనస్ 96 చూపించిందనుకోండి. పద్దెనిమిదే కదా అనిపిస్తుంది. లెక్క వేస్తే అది 60 రెట్లకు పైగా తేడా. పది అడుగులు నడిచి కిటికీ దగ్గర నిలబడి మాట్లాడిన అరగంట కాల్ మీ సాయంత్రం చార్జింగ్‌ను కాపాడుతుందని నేను అనేది ఇందుకే. పొడవాటి కాల్స్ ముందే తెలిసినవైతే వాటినైనా అక్కడికి మార్చుకోండి. సెట్టింగ్స్ ముట్టుకోకుండా చేయగలిగిన మేలు ఇంతకు మించి లేదు.

ఇక వైఫై కాలింగ్. ఇది బ్యాటరీని తినేస్తుందన్న మాటను మీ విషయంలో పూర్తిగా పక్కన పెట్టండి. మీ ఆఫీసులో వైఫై బాగా వస్తుంటే మీకున్న అన్నిటికన్నా మంచి సెట్టింగ్ ఇదే. టవర్ కిలోమీటరో రెండు కిలోమీటర్లో అవతల, మధ్యలో నాలుగు గోడలు. రౌటర్ పక్క గదిలోనే. వైఫై కాలింగ్ ఆన్ చేస్తే మీ మామూలు నంబరు నుంచి, మామూలు డయలర్‌తోనే చేసిన కాల్ టవర్‌కు బదులు రౌటర్ మీదుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి మీ ఆపరేటర్‌కు చేరుతుంది. అవతలి వాళ్లకు ఏ తేడా తెలియదు, వాళ్ల ఫోన్‌లో ఏ యాపూ ఉండక్కర్లేదు.

అయితే ఆన్ చేసి వదిలేస్తే సరిపోదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వైఫై కాలింగ్ లోపలే కాలింగ్ ప్రిఫరెన్స్ అని ఇంకో మెట్టు ఉంటుంది. వైఫైకి మొదటి ప్రాధాన్యమా, మొబైల్ నెట్‌వర్క్‌కా అని అది అడుగుతుంది. మొబైల్ నెట్‌వర్క్ అని పెట్టి ఉంటే, సిగ్నల్ కొనఊపిరితో ఉన్నా ఫోన్ టవర్‌నే పట్టుకుని వేలాడుతుంది. మీ సీటు దగ్గర వైఫై అని పెట్టుకోవాలి. కొన్ని నెట్‌వర్క్‌లు ఈ ఎంపికను దాచేస్తాయి. కనిపించకపోతే మీ ఫోన్ తప్పు కాదు. ఐఫోన్‌లో సెల్యులర్ పేజీలోనే వైఫై కాలింగ్ ఉంటుంది. రెండు సిమ్‌లు ఉన్నాయి కాబట్టి ఏ నంబరుకు ఆన్ చేస్తున్నారో చూసుకుని, రెండింటికీ విడివిడిగా చేయాలి. పని చేస్తోందో లేదో తెలుసుకోవడం తేలిక: కాల్ మధ్యలో నోటిఫికేషన్ దగ్గరో, నెట్‌వర్క్ పేరు దగ్గరో వైఫై గుర్తు కనిపిస్తుంది.

వైఫై కాలింగ్ బ్యాటరీ తినే సందర్భం కూడా ఒకటుంది, ఆ మాట పుట్టింది బహుశా అక్కడే. వైఫై కూడా అంతంత మాత్రంగా ఉండి, కాసేపు వైఫై, కాసేపు టవర్ అంటూ ఫోన్ అటూ ఇటూ గెంతుతుంటే రెండు రేడియోల ఖర్చూ పడుతుంది. పైగా మాట తెగుతూ అతుకుతూ ఉంటుంది. ఆరుబయట, టవర్ సిగ్నల్ నిండుగా ఉన్నచోట ఇది ఆన్‌లో ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాదు. కాబట్టి రోజంతా ఆన్ చేసి ఉంచేయండి. ఆఫీసు గేటు దగ్గర ఆన్, బయటికొస్తే ఆఫ్ అనే చాకిరీ అక్కర్లేదు.

మీ మేనల్లుడి సలహా మాత్రం పాటించకండి. వోల్టీ అంటే 4జీ నెట్‌వర్క్ మీదే మాట కూడా వెళ్లే పద్ధతి. దాన్ని ఆపేస్తే ఫోన్ 4జీలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, కానీ కాల్ వచ్చిన ప్రతిసారీ 4జీని వదిలి 3జీకో 2జీకో దిగాలి. అక్కడి నెట్‌వర్క్ వెతుక్కోవాలి, కుదురుకోవాలి, ఆ తర్వాతే రింగ్ మోగాలి. కాల్ అయిపోయాక మళ్లీ పైకెక్కాలి. రోజుకు ముప్పై నలభై కాల్స్ మాట్లాడే మనిషికి ఇదెంత దండగో ఊహించుకోండి. కాల్ నడుస్తున్నంతసేపు ఇంటర్నెట్ నెమ్మదిస్తుంది, 2జీలో అయితే చాలావరకు ఆగిపోతుంది. 2జీలో ఫోన్ గరిష్ఠంగా 2 వాట్ల దాకా పంపగలదు కూడా. అది విడతలు విడతలుగా, ఎనిమిదో వంతు సమయమే పంపుతుంది కాబట్టి సగటు పావు వాట్ దగ్గర తేలుతుంది, అయినా 4జీ గరిష్ఠం కంటే అది తక్కువేమీ కాదు. పైగా 3జీ, 2జీ సేవలను మూసేసిన నెట్‌వర్క్‌లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అలాంటి చోట వోల్టీ ఆపితే కాల్ అసలు రాకుండా పోవచ్చు.

పాపం, అబ్బాయి మాట గాలిలోంచి పుట్టింది కాదు. 2012లో వోల్టీ తొలిసారి జనం చేతికి వచ్చినప్పుడు ఆ ఫోన్లలో ఒక చార్జింగ్‌కు మాట్లాడగలిగే సమయం నిజంగానే బాగా తగ్గింది. అప్పటి చిప్‌లు వేరు. ఇప్పటి ఫోన్లలో వోల్టీ కాల్ పనంతా దాదాపు మోడెమ్ (నెట్‌వర్క్‌తో మాట్లాడే చిప్), దాని పక్కనున్న చిన్న ఆడియో ప్రాసెసర్ చూసుకుంటాయి; పెద్ద ప్రాసెసర్ చాలాసేపు నిద్రలోనే ఉండొచ్చు. మన మాటను ఫోన్ 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతుంది. ఆ ముక్కల మధ్య ఖాళీల్లో రేడియో కునుకు తీస్తుంది. మనం మాట్లాడకుండా వింటున్నప్పుడు సెకనుకు 50 ముక్కలు పంపే అవసరమే ఉండదు, ఇంకా లైన్‌లోనే ఉన్నామని చెప్పడానికి 160 మిల్లీసెకన్లకొక చిన్న ముక్క వెళ్తే చాలు. అంటే కాల్‌లో ఎక్కువ మాట్లాడేవాళ్ల ఫోన్‌కే ఎక్కువ పని. దీన్ని ఇంట్లో ఎవరి మీదా ప్రయోగించకండి, గొడవలొస్తాయి. వోల్టీ ఆన్‌లో ఉంచడానికి ఇంకో కారణం: వైఫై కాల్ మాట్లాడుతూ ఆఫీసు బయటికి నడిస్తే, ఆ కాల్‌ను తెగకుండా అందుకోవాల్సింది వోల్టీయే.

5జీ సంగతి ఇంత సూటిగా తేల్చలేను. మీరున్న చోట 5జీ ఎలాంటిదో దాన్ని బట్టి జవాబు మారుతుంది. చాలా నెట్‌వర్క్‌లలో 5జీ సొంత కాళ్ల మీద నిలబడదు. 4జీని ఆధారంగా పట్టుకుని, దాని పైన 5జీని కలుపుకుంటుంది. అంటే ఫోన్ రెండింటితోనూ సంబంధం నెరపాలి. అక్కడ మీ కాల్ నడిచేది ఎలాగూ 4జీ మీదే. సొంతంగా నిలబడే 5జీ ఉన్నచోట కూడా కాల్‌ను 5జీ మీద నడిపే ఏర్పాటు లేకపోతే, కాల్ రాగానే ఫోన్ 4జీకి దిగుతుంది. మీ పని ఎక్కువగా మాటలే, పెద్ద పెద్ద ఫైళ్లు దించుకోవడం కాదు. పైగా గోడల చాటున 5జీ వచ్చిపోతుంటుంది. కాబట్టి మీ ఆఫీసు వాళ్లు చెప్పింది మీకు వర్తిస్తుంది. ఆండ్రాయిడ్‌లో సిమ్ సెట్టింగ్స్‌లోని ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ దగ్గర 4జీ లేదా ఎల్‌టీఈ (4జీకే ఇంకో పేరు) ఎంచుకోండి. ఐఫోన్‌లో సెల్యులర్ డేటా ఆప్షన్స్‌లో వాయిస్ అండ్ డేటా తెరిచి ఎల్‌టీఈ పెట్టొచ్చు; పూర్తిగా వదులుకోవడం ఇష్టం లేకపోతే 5జీ ఆటో ఉంచండి, 5జీ ఆన్ మాత్రం వద్దు. ఆటోలో ఉంటే వేగం పెద్దగా అక్కర్లేనప్పుడు ఫోన్ తనంతట తానే 4జీలో సర్దుకుంటుంది. 5జీ సిగ్నల్ నిండుగా, నిలకడగా ఉండేచోట పనిచేసేవాళ్లయితే ఈ సెట్టింగ్ జోలికే వెళ్లక్కర్లేదు.

ఇక్కడొక హెచ్చరిక. *#*#4636#*#* కొడితే ఆండ్రాయిడ్‌లో ఒక రహస్య మెనూ తెరుచుకుంటుందనీ, అందులో ఎల్‌టీఈ ఓన్లీ పెడితే బ్యాటరీ మిగులుతుందనీ మీకు ఎవరో ఒకరు చెబుతారు. అందులో అంకెలు చూడటం వరకు పర్వాలేదు. నెట్‌వర్క్‌ను ఒక్కదానికే బిగించేస్తే మాత్రం, వోల్టీ సరిగ్గా నమోదు కాని చోట మీ ఫోన్‌కు కాల్స్ రావు, మీరు చేయలేరు. అత్యవసర కాల్ కూడా ఇబ్బందిలో పడొచ్చు. మామూలు సెట్టింగ్స్‌లో కనిపించే 4జీ ఎంపికకు ఆ ప్రమాదం లేదు, అవసరమైతే అది కిందికి దిగగలదు.

రాత్రి ఎవరూ ముట్టుకోకుండానే 15 శాతం పోతోందన్నారు. నాకు అనుమానం మీ రెండో సిమ్ మీద. కాల్ లేనప్పుడు ఫోన్ నిద్రపోతూనే, నాకేమైనా కబురుందా అని టవర్ వైపు ఒక చెవి వేసి ఉంచుతుంది. 4జీలో సాధారణంగా ఇది 1.28 సెకన్లకు ఒకసారి జరుగుతుంది. క్షణంలో వెయ్యోవంతుల పని, దానికయ్యే ఖర్చు చాలా తక్కువ. రెండు సిమ్‌లు ఉంటే రెండు చెవులు, అదీ పెద్ద భారం కాదు. చిక్కంతా ఒక సిమ్‌కు సిగ్నల్ పోయినప్పుడు. అప్పుడు ఫోన్ తనకు తెలిసిన బ్యాండ్లన్నీ (ఫ్రీక్వెన్సీలన్నీ) ఒకదాని తర్వాత ఒకటి గాలించడం మొదలుపెడుతుంది. దొరక్కపోతే కాసేపు ఆగి మళ్లీ గాలిస్తుంది, ఇలా తెల్లవార్లూ. పడుకునే ముందు స్క్రీన్ పైన చూడండి. రెండో సిమ్ దగ్గర నో సర్వీస్ అనో, ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ అనో కనిపిస్తే దొంగ దొరికినట్టే.

బ్యాటరీ యూసేజ్ పేజీ కూడా దీనికి సాక్ష్యం చెబుతుంది. ఆండ్రాయిడ్‌లో మొబైల్ నెట్‌వర్క్ స్టాండ్‌బై లాంటి పేరుతో ఉన్న వరస పై వరుసల్లో కనిపిస్తోందేమో చూడండి. ఐఫోన్‌లో అయితే బ్యాటరీ పేజీలో నో సెల్ కవరేజ్ అన్న ప్రస్తావన వస్తుంది.

ఆ సిమ్ రాత్రిపూట అక్కర్లేదనుకుంటే సిమ్ సెట్టింగ్స్‌లోనే దాన్ని ఆఫ్ చేసేయొచ్చు, బయటికి తీయక్కర్లేదు. ఐఫోన్‌లో ఆ నంబరు మీద నొక్కితే టర్న్ ఆన్ దిస్ లైన్ అని ఉంటుంది, దాన్ని ఆపాలి. ఒక్కటే జాగ్రత్త: ఓటీపీలు ఆ నంబరుకే వస్తుంటే పొద్దున్నే మళ్లీ ఆన్ చేయడం మరిచిపోకండి. రెండు నంబర్లూ మోగాల్సిందే అంటే ఇంకో దారుంది. ఇంట్లో వైఫై ఉంటే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, ఆ తర్వాత వైఫై ఒక్కటి తిరిగి ఆన్ చేయండి. సెల్యులర్ రేడియో పూర్తిగా ఆగిపోతుంది, గాలించడాలు ఉండవు, వైఫై కాలింగ్ ఆన్‌లో ఉన్న సిమ్‌లకు కాల్స్ రౌటర్ మీదుగా వస్తాయి. అన్ని ఫోన్లలో, అన్ని ఆపరేటర్లతో ఇది ఒకేలా పని చేయదు కాబట్టి మొదటిరోజు ఇంకో ఫోన్ నుంచి రెండు నంబర్లకూ కాల్ చేసి చూసుకోండి. కరెంటు పోయి రౌటర్ ఆగితే మాత్రం మీ ఫోన్ ఎవరికీ అందదు. ఇంట్లో పెద్దవాళ్లకు బాగాలేక, అర్ధరాత్రి ఫోన్ రావచ్చన్న పరిస్థితి ఉంటే ఈ పద్ధతి పెట్టుకోవద్దు. అలాంటప్పుడు 15 శాతం పోతే పోనివ్వండి.

వాట్సాప్ కాల్‌కు తక్కువ ఖర్చన్నది తిరగేసి చెప్పిన మాట. పైన చెప్పినట్టు మామూలు కాల్‌ను మోడెమ్ దాదాపు ఒంటి చేత్తో నడిపిస్తుంది. యాప్ కాల్‌కు ఆ సౌకర్యం లేదు. యాప్ మేలుకుని ఉండాలి, దాని కోసం ప్రాసెసర్ మేలుకుని ఉండాలి, ముక్కలను సర్దడం, గుప్తీకరించడం అన్నీ అదే చేసుకోవాలి. సిగ్నల్ బలహీనంగా ఉంటే రేడియో కష్టం దానికీ తప్పదు. వీడియో కాల్ అయితే చెప్పనే అక్కర్లేదు: కెమెరా, వెలుగుతున్న స్క్రీన్, రెండు వైపులా బొమ్మల రవాణా. మీటింగ్‌లో మీ ముఖం చూపించాల్సిన పని లేనప్పుడు కెమెరా ఆపేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. వాట్సాప్‌లోనే స్టోరేజ్ అండ్ డేటా కింద కాల్స్‌కు తక్కువ డేటా వాడే ఎంపిక ఉంది. మొబైల్ డేటా మీద మాట్లాడేటప్పుడు అది కాస్త మేలు చేస్తుంది. బ్యాటరీ ఆదా అవుతుందని వాట్సాప్‌ను రెస్ట్రిక్టెడ్ జాబితాలో మాత్రం వేయకండి. అప్పుడు కాల్స్ మోగకపోవచ్చు, యాప్ తెరిచాక మిస్డ్ కాల్స్ అన్నీ ఒకేసారి కుప్పగా కనిపించొచ్చు.

సెట్టింగ్స్ గొడవలో అందరూ మరిచిపోయేది స్క్రీన్. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోగానే స్క్రీన్ ఆరిపోవాలి. దానికి పైభాగంలో ప్రాక్సిమిటీ సెన్సర్ ఉంటుంది. సరిపడని స్క్రీన్ గార్డ్ దాన్ని కప్పేసినా, గార్డ్ అంచు కింద దుమ్ము చేరినా కొన్నిసార్లు సెన్సర్ తికమకపడి స్క్రీన్‌ను వెలుగుతూనే ఉంచుతుంది. కాల్‌లో ఉండి స్క్రీన్ పైభాగాన్ని అరచేత్తో కప్పి చూడండి. ఆరకపోతే మీరు రోజుకు మూడు నాలుగు గంటలు మీ చెంపకు దీపం పెడుతున్నారన్నమాట. మాట్లాడుతుండగా చెంప తగిలి మ్యూట్ పడిపోవడం, కాల్ హోల్డ్‌లోకి వెళ్లిపోవడం మీకు అలవాటైన విషయాలైతే పరీక్ష కూడా అక్కర్లేదు. స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచి మాట్లాడేవాళ్లకు ఈ సెన్సర్ పనికిరాదు, పవర్ బటన్ నొక్కి స్క్రీన్ ఆర్పుకోవాలి. నొక్కే ముందు యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో పవర్ బటన్‌తో కాల్ కట్ అయ్యే ఎంపిక ఆన్‌లో లేదని చూసుకోండి. లేకపోతే మేనేజరు మాట్లాడుతుండగా కట్ చేసిన ఘనత దక్కుతుంది. గంటల తరబడి మాట్లాడేవాళ్లకు వైరు ఉన్న ఇయర్‌ఫోన్స్ హాయి. బ్లూటూత్ అయినా ఫోన్ మీద పెద్ద భారమేమీ పడదు, స్పీకర్‌ఫోన్, వెలుగుతున్న స్క్రీన్ కలిసి తినేదాంతో పోలిస్తే అది నయం.

వైబ్రేషన్ ఆపితే మిగిలేది చాలా కొంచెం. రింగ్ మోగే కొన్ని సెకన్లే కదా ఆ మోటార్ తిరిగేది. మీటింగుల్లో దాని అవసరం ఉంటే ఉంచేసుకోండి. కాలర్ ట్యూన్ మీ ఫోన్‌లో మోగేది కాదు, మీకు కాల్ చేసినవాళ్లకు ఆపరేటర్ తన దగ్గరి నుంచి వినిపించే పాట. దానికీ మీ బ్యాటరీకీ ఏ సంబంధమూ లేదు. ఆ పాట అవతలి వాళ్ల ఓపికను పరీక్షిస్తుంటే అది వేరే విషయం.

ఇవన్నీ ఒకేరోజు మార్చేస్తే దేనివల్ల లాభం వచ్చిందో తెలియదు. మొదట వైఫై కాలింగ్‌ను వైఫై ప్రాధాన్యంతో పెట్టి, రెండు మూడు పనిదినాలు మధ్యాహ్నం రెండింటికి ఎంత మిగులుతోందో చూడండి. కాల్స్ మరీ తక్కువగా వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోకండి. ఆ తర్వాత రెండో సిమ్, ఆపైన 5జీ. ఆఫీసులో వైఫై వాడనివ్వకపోతే మాత్రం మొదటి అడుగు 5జీ నుంచి 4జీకి మారడం, రెండోది కిటికీ దగ్గరికి నడవడం.

రెండేళ్లు దాటిన ఫోన్ అన్నారు కాబట్టి ఒకమాట. మీరు రోజుకొక నిండు చార్జింగ్ వాడుతున్నారంటే ఇప్పటికి 700 సైకిల్స్ దాటాయి. ఐఫోన్ 14, అంతకు ముందు మోడళ్ల బ్యాటరీలను 500 సైకిల్స్ తర్వాత 80 శాతం సామర్థ్యం నిలిచేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది, ఐఫోన్ 15 నుంచి ఆ లెక్క 1000 సైకిల్స్. లోపలి గదిలో వేడెక్కుతూ మాట్లాడిన గంటలు, చార్జర్ పెట్టి మాట్లాడిన గంటలు బ్యాటరీని ఇంకా తొందరగా ముసలిదాన్ని చేస్తాయి. మీ ఫోన్‌లో బ్యాటరీ హెల్త్ చూపిస్తే చూడండి. 80కి దిగువన ఉంటే, పైన చెప్పినవన్నీ చేశాక కూడా సాయంత్రం దాకా రాకపోవచ్చు. అప్పుడు కొత్త ఫోన్ గురించి ఆలోచించే ముందు బ్యాటరీ మార్పించండి. మార్చి చేతికిచ్చాక అక్కడే నిలబడి ఎవరికైనా కాల్ చేసి, చెవి దగ్గర పెడితే స్క్రీన్ ఆరుతోందో లేదో చూసుకోండి. ఫోన్ విప్పి బిగించేటప్పుడు ఆ సెన్సర్ సరిగ్గా కూర్చోకపోవడం అప్పుడప్పుడూ జరుగుతుంటుంది.